ఇరవై ఏడో నంబరు

కట్టుడుపళ్ళ వర్క్‌షాపు, వెనక గది
జనవరి 6, సోమవారం

వదినకు, బుల్లి నమస్కారాలు.

ఇవాళ సంతకం పెట్టి వచ్చాను. ప్రతినెలా మొదటి సోమవారం పదకొండు గంటల్లోపు ఆ ఆఫీసుకి వెళ్ళి, రిజిస్టరులో నా నంబరు ఎదురుగా సంతకం పెట్టడం తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పనే. ఇవాళ మాత్రం నంబరు రెండుసార్లు సరిచూసుకుని పెట్టాను.

మీ ఊరికి ఉద్యోగానికి రావాలనుకునేవాళ్ళ జాబితాలో నేనిప్పుడు ఇరవై ఏడు. ఇన్నాళ్ళూ మీ ఊరు ఏడాదికి ఎనిమిదిమందినో తొమ్మిదిమందినో రానిచ్చేది. ఈసారి పద్ధతి మారిందట. మీ దేశంలోకి ఎంతమందిని రానివ్వాలో అక్కడి ప్రభుత్వం తేల్చుకోలేక, మీకెంతమంది కావాలో మీరే చెప్పండని ఊళ్ళ మీదకి తోసేసిందట. అన్ని ఊళ్ళూ చెప్పినవి కూడితే అదే దేశం లెక్క. మీ ఊళ్ళో ఐదుగురితో కమిటీ వేశారని, కొందరు నలభై అంటున్నారని, కొందరు పన్నెండు చాలంటున్నారని గుమాస్తా చెప్పాడు.

నలభై అయితే వస్తాను. పన్నెండు అయితే నా కథ కంచికే. ఆగస్టులో నాకు నలభై అయిదు నిండుతాయి, ఆ రోజే పేరు కొట్టేస్తారు. మళ్ళీ పెట్టుకోవడానికి వీల్లేదు. అన్నయ్య బతికుంటే చెల్లెలిగా వచ్చేదాన్ని. అన్నయ్యతోపాటే ఆ దారీ పోయింది.

ఇక్కడి సంగతి తెలుసుగా. నువ్వూ నేనూ పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని పని చేసిన ఈ వర్క్‌షాపుని డిసెంబరులో మూసేస్తున్నారు. కట్టుడుపళ్ళు చేసే మిషను వచ్చింది, దానికి టీ కూడా అక్కర్లేదు. దాంతోపాటు ఈ గదీ పోయాక, బాబాయి కొడుకు వాళ్ళింట్లో ఉండమంటున్నాడు. ఉండమనడమంటే అందరికీ వండిపెట్టమని. తినే ముద్దకి రోజూ కృతజ్ఞత చెప్పుకోవడం నా వల్ల కాదు వదినా.

జాబితాలో మేం ఒకరినొకరం పేర్లతో పిలుచుకోం, నంబర్లతోనే. నా వెనక పరుపులు కుట్టే ఇరవై ఎనిమిది గారు. చాలా ముందు నర్సు, పదమూడు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మిగతావాళ్ళు గుమాస్తాని బతిమాలి, రిజిస్టరుతో సహా ప్యూనుని ఆటో ఎక్కించి ఇంటికి తీసుకెళ్ళి సంతకం పెట్టిస్తారు. చుట్టాలు కూడా ఇంత చెయ్యరు.

ఆ ఐదుగురు ఎవరో ఏమైనా తెలిస్తే రాయి.

బుల్లి

*

టైలరు షాపు పైగది
ఫిబ్రవరి 9

బుల్లికి, వదిన దీవెనలు.

జవాబు ఆలస్యమైందని తిట్టుకుని ఉంటావు. పని ఎక్కువగా ఉంది. మొన్న ఒక ముసలాయన కట్టుడుపళ్ళు వెనక్కి తెచ్చాడు. నవ్వితే తనలా లేడట. మరి ఎవరిలా ఉన్నారని అడిగాను. "మా అన్నలా ఉన్నాను. వాడికీ నాకూ మాటల్లేవు" అన్నాడు. ముందు పళ్ళు రెండూ కాస్త వంకరగా అమర్చి ఇచ్చాను, సంతోషంగా వెళ్ళాడు.

కమిటీ గురించి అడిగావు. ఏదో జరుగుతోందని నేనూ విన్నాను. మరీ ఆశ పెట్టుకోకు. ఈ ఊరు నువ్వు అనుకున్నంత విశాలంగా లేదు. మా పక్క సందులో మూడు గదుల ఇంట్లో పదకొండుమంది ఉంటున్నారు. పగటి డ్యూటీవాళ్ళు లేచిన మంచాల మీద రాత్రి డ్యూటీవాళ్ళు పడుకుంటారు. అందరూ అన్ని కాగితాలతో, చట్టప్రకారం వచ్చినవాళ్ళే. బడి రెండు పూటలుగా నడుస్తోంది. డాక్టరు దగ్గర చీటీ దొరకాలంటే మూడు వారాలు ఆగాలి. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఊరికే అనలేదు.

నేను బాగానే ఉన్నాను. సాయంత్రాలు ఊరంతా నడుస్తున్నాను. మోకాళ్ళకి మంచిదన్నారు.

వదిన

*

పళ్ళ వర్క్‌షాపు
మార్చి 4

వదినా,

మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నిన్న సంతకాల దగ్గర ఇరవై ఎనిమిది గారు ఒక ఉత్తరం పైకి చదివారు. వాళ్ళ మేనల్లుడు మీ ఊళ్ళోనే ఉంటాడు. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన, కట్టుడుపళ్ళు చేసే ఒకావిడ ఇంటింటికీ తిరిగి, గదులెన్ని, మనుషులెంతమంది అని రాసుకుంటున్నారట. ఇద్దరూ కమిటీవాళ్ళేనట. ఆవిడ కూడా మనలాగే వెళ్ళి స్థిరపడిన మనిషేనట.

చదవడం అయ్యాక పదమూడు నావైపు తిరిగి, "మీ వదిన కూడా పళ్ళే చేస్తుంది కదండీ" అంది. ఏమో, చాలామంది ఉంటారేమో అన్నాను. వరసలో అందరూ నన్నే చూస్తున్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాకెందుకు దాచావు? పరాయిదాన్నా? ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, నీది పందొమ్మిదేళ్ళ సావాసం. మజ్జిగ పలచన అని రాశావు. నువ్వు వెళ్ళిన రోజున ఆ మజ్జిగలో నువ్వూ నీళ్ళే వదినా. ఎవరో ఒకరు కాస్త జరిగి కూర్చుంటేనే కదా నీకు చోటు దొరికింది. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళని చూశాను గానీ, తెప్ప మీద ఇంకా మనుషులుండగా నిప్పు పెట్టేవాళ్ళని చూడలేదు.

నువ్వు నలభై వైపా, పన్నెండు వైపా? ఒక్క ముక్క రాయి. కట్టుడుపళ్ళ కబుర్లు వద్దు.

బుల్లి

*

టైలరు షాపు పైగది
మార్చి 20

బుల్లికి,

నువ్వు తిట్టినవన్నీ నాకు తగినవే. దాచడం తప్పు. చెబితే నీ ఆశ నా మెడకి చుట్టుకుంటుందని, ఆ బరువుతో లెక్క సరిగ్గా వెయ్యలేనని భయపడ్డాను.

నేను ఏ వైపూ కాదు. కమిటీలో ఆసుపత్రి మేట్రన్ నలభై అంటుంది. కొత్త వార్డు కట్టారు, చూసే చేతుల్లేక రోగులు తడిసిన దుప్పట్లలో పడి ఉంటున్నారని ఆవిడ బాధ. మా వర్క్‌షాపు ఓనరూ నలభైయే అంటాడు, కానీ ఆయన సంగతి వేరు. బయట నలభైమంది నిలబడి ఉంటే లోపలున్న మేము నోరెత్తమని ఆయన ధైర్యం. బస్సు డ్రైవరు పన్నెండు అంటాడు. బేకరీ ఆయనా పన్నెండే. ఆయన చెడ్డవాడు కాదు. కూతురికి పెళ్ళయి రెండేళ్ళయింది, ఊళ్ళో గది దొరక్క అల్లుడితో సహా పిండి బస్తాల గదిలో కాపురం పెట్టించాడు. "ముందున్నవాళ్ళకి చోటు చూపించి తర్వాత పిలుద్దాం" అంటాడు. కాదని ఏమనను?

అందుకే నడిచాను. డ్రైవరూ నేనూ రెండు నెలలు ప్రతి వీధీ తిరిగాం. ఎంతమంది రావాలని వాదించేవాళ్ళంతా వచ్చినవాళ్ళు ఎక్కడ పడుకుంటారని మాత్రం అడగరు. మనిషి మనిషిలా ఉండగలిగే ఖాళీలు ముప్ఫై నాలుగు తేలాయి. అందులో నాలుగింటికి పైకప్పు కారుతోంది. మిగిలినవి ముప్ఫై. ఉద్యోగాలూ అంతకి తక్కువ లేవు. ముప్ఫై అన్నాను. నువ్వు ఇరవై ఏడో దానివని ఆ లెక్క వెయ్యలేదు. నమ్మితే నమ్ము. ఇరవయ్యే తేలి ఉంటే ఇరవయ్యే చెప్పేదాన్ని. అది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

మేట్రన్, ఓనరు గొణుక్కుంటూనే ముప్ఫైకి దిగారు. నాతో ముగ్గురం. అయిపోయిందనుకున్నాను.

జాబితాలో అయినవాళ్ళున్న సభ్యుడికి ఓటు లేదు. సభ్యులు నింపే ఫారంలో భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు అని ఉంది. నాలుగింటికీ లేదని రాశాను. అబద్ధం కాదు. ఓనరు మాటల్లో నీ సంగతి జారవిడిచాడు. పోయిన గురువారం బేకరీ ఆయన అడిగాడు, "జాబితాలో మీవాళ్ళెవరో ఉన్నారట?"

"మా ఆయన చెల్లెలు" అన్నాను.

డ్రైవరు రూల్సు పుస్తకం తిరగేసి, "ఆ వరస ఇందులో లేదు. ఆవిడ ఓటు చెల్లుతుంది" అన్నాడు. పన్నెండు వైపు మనిషే, అయినా నిజం చెప్పాడు.

బేకరీ ఆయన పుస్తకం వైపు చూడలేదు. "కాగితం సంగతి అడగడం లేదు. ఆవిడ మీకు తోబుట్టువు కంటే తక్కువా?" అన్నాడు.

తక్కువే అని ఉంటే సరిపోయేది బుల్లీ. ఒక్క మాట. కాపురానికొచ్చిన కొత్తలో నన్ను నీ బల్ల పక్కన కూర్చోబెట్టుకుని మైనం అచ్చు తీయడం నేర్పావు. మీ అన్నయ్య పోయాక మూడు నెలలు రోజుకో ఉత్తరం రాశావు. తక్కువ అనడానికి నోరు రాలేదు. ఎక్కువే అన్నాను. అక్కడితో ఆగానా, మావైపు ఆడపడుచుని అర్ధమొగుడంటారని కూడా చెప్పాను. ఎవరడిగారు నన్ను? మేట్రన్ నవ్వింది. బేకరీ ఆయన నవ్వలేదు. "అలాంటప్పుడు ముప్ఫై అన్నది లెక్క కాదు, మీవాళ్ళకి వేసిన కుర్చీ" అన్నాడు.

చివరికి ఇలా తేల్చారు. నీ పేరు జాబితాలో ఉంటే నా ఓటు చెల్లదు. అప్పుడు ఇద్దరూ ఇద్దరూ అవుతారు, అధ్యక్షుడిగా డ్రైవరు మాటే నెగ్గుతుంది. పన్నెండు. నీ పేరు లేకపోతే నా ఓటు చెల్లుతుంది. ముప్ఫై. ఓటింగు ఏప్రిల్ పదిహేడున.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పేరు ఉంచుకున్నా పన్నెండులో నువ్వు రాలేవు. తీయించుకుంటే ముప్ఫైలోనూ రాలేవు. నీకు ఎటూ లేదు. మిగతా పద్దెనిమిదిమందికి ఉంది. నిన్ను అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

వదిన

*

పళ్ళ వర్క్‌షాపు
ఏప్రిల్ 1

వదినా,

ఎక్కువ అన్నావా. తక్కువ చేసి పిలిపించుకుని, వచ్చాక కాళ్ళు పట్టుకున్నా క్షమించేదాన్ని. నీ నోటికి నిజం వచ్చే వేళ అదేనా?

తొమ్మిదేళ్ళంటే నూట ఎనిమిది సంతకాలు. జ్వరంతో వెళ్ళాను, అమ్మ పోయిన మూడో రోజు వెళ్ళాను.

ఈ సోమవారం వెళ్ళను. సంతకం లేకపోతే పేరు దానంతటదే పోతుంది. మీవాళ్ళకి చెప్పుకో. దీన్ని త్యాగం అనుకుని ఏడవకు, నాకు ఒళ్ళు మండుతుంది. నేను పేరు పట్టుకుని వేళ్ళాడితే ఆగిపోయేవాళ్ళలో పదమూడు ఉంది. దాని మొగుడు మంచాన ఉన్నాడు, సంపాదించేది అదొక్కతే. నెలనెలా దాని మొహం చూడాలి నేను.

బుల్లి

*

టైలరు షాపు పైగది
ఏప్రిల్ 18

బుల్లికి,

నిన్న అయిపోయింది. ముప్ఫై. ముగ్గురు అటు, ఇద్దరు ఇటు.

రిజిస్టరు నకలు మే నెల సంతకాలయ్యాక గానీ మాకు రాదు. మరి ఆవిడ పేరు లేదని ఎలా నమ్మడం అని ఓనరే అడిగాడు. బేకరీ ఆయన, "ఆవిడ మాట ఇస్తే నాకు చాలు" అన్నాడు. నీ ఉత్తరం బల్ల మీద పెట్టి, నిలబడి, నా ఆడపడుచు పేరు జాబితాలో లేదని ప్రమాణం చేశాను. ఆయన ఓడిపోయి కూడా నాకు చెయ్యి కలిపాడు.

నీకు చెప్పలేదు గానీ, జనవరిలోనే ఈ గదిలో నీకోసం రెండో మంచం వేయించాను. కమిటీలో లెక్కలు వేస్తూనే ఇంట్లో మంచం వేయించాను. నేనెంత నిజాయితీపరురాలినో చూడు. ఇప్పుడు దాని మీద ఉతికిన బట్టలు పడేస్తున్నాను.

రెండు ముక్కలైనా రాయి. తిట్టినా సరే.

వదిన

*

పళ్ళ వర్క్‌షాపు
ఏప్రిల్ 29

వదినా,

నీ ఉత్తరం నిన్న అందింది.

నా పేరు జాబితాలో ఉంది. ఆ సోమవారం నేను ఆఫీసుకి వెళ్ళలేదు. గదిలోనే కూర్చుని గడియారం చూస్తున్నాను. పదకొండుకి పది నిమిషాలుందనగా వీధిలో ఆటో ఆగింది. ఇరవై ఎనిమిది గారు, పదమూడు, వాళ్ళ వెనక చంకలో రిజిస్టరుతో ప్యూను. తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ తప్పని మనిషి రాలేదంటే మంచాన పడ్డానని అనుకున్నారు. పదమూడు నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జ్వరం లేదు, నీరసం" అని తనే తేల్చేసింది. ఇరవై ఎనిమిది గారు ఆయాసపడుతూ, "రెండు చోట్ల ఎర్ర లైటున్నా దాటించేశాం అమ్మా, పెట్టు పెట్టు" అంటూ కలం చేతికిచ్చారు.

వద్దని చెప్పాల్సింది. ఎందుకు వద్దో చెప్పాలంటే నీ సంగతంతా చెప్పాలి. అది ఒక్కటే కారణమంటే అబద్ధం. కలం చేతిలో పడగానే నాకు రావాలనిపించింది. సంతకం పెట్టేశాను.

మూడు వారాలు నీకు రాయలేదు. ఓటింగులో ఏదో ఒకటి అడ్డం పడుతుంది, ఎటూ పన్నెండే అవుతుంది, నా సంతకం ఎవరికీ అక్కర్లేకుండా పోతుంది అనుకున్నాను. పిరికితనం. ఇప్పుడు నువ్వు నిలబడి ప్రమాణం చేశావు. ముప్ఫైలో నేను ఇరవై ఏడు. నోరు మూసుకుంటే వచ్చేస్తాను. కానీ అయిదో తారీఖు సంతకాలయ్యాక నకలు మీకు వస్తుంది, బేకరీ ఆయన చూస్తాడు, నువ్వు అబద్ధాలకోరువి అవుతావు, ఓటు కొట్టేస్తారు, మళ్ళీ పన్నెండు. లేదా చూడకపోవచ్చు. చూడకపోతే బాగుండునని నిన్నటినుంచి ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

సోమవారానికి ఇంకా ఆరు రోజులు. నీ జవాబు పది రోజులకి గానీ రాదు. ఏం చెయ్యాలో నాకు నేనే చెప్పుకోవాలి.

బుల్లి

*

ఆఫీసు బయట, బల్ల మీద
మే 5, సోమవారం

వదినా,

పేరు కొట్టించేశాను. గదికి వెళితే రాయలేనని ఇక్కడే రాస్తున్నాను.

పదిన్నరకి నా వంతు వచ్చింది. సంతకం వద్దు, కొట్టెయ్యండి అన్నాను. గుమాస్తా కళ్ళద్దాలు తీసి, "ముప్ఫై అన్నారమ్మా మీరు వెళ్ళే ఊరివాళ్ళు. మీరు ఇరవై ఏడు. తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. నంబరు మీద స్కేలు పెట్టి గీత గీశాడు. దాని పక్కన నా సంతకమే పెట్టించుకున్నాడు. నూట పదో సంతకం.

ఇరవై ఎనిమిది గారు నా మొహం చూడలేదు. "పోయిన నెల ఆటోలో ఎందుకు పరిగెత్తించావమ్మా మమ్మల్ని" అన్నారు. ఆరోగ్యం అన్నాను. పదమూడు ఏడ్చింది. అది ఏడుస్తుంటే నాకు కోపం వచ్చింది, దానికోసమేనని అరవాలనిపించింది. అరవలేదు.

గుమాస్తా వెనకవాళ్ళని ఒక్కో నంబరు ముందుకి జరిపాడు. ముప్ఫై ఒకటో ఆయన ముప్ఫై అయ్యాడు. వెల్డింగు పనివాడు, ఇన్నేళ్ళలో అతని గొంతు కూడా నేను సరిగ్గా వినలేదు. గుమాస్తా రమ్మన్నా కాసేపు కదల్లేదు. తర్వాత నా దగ్గరికొచ్చి, "క్షమించండమ్మా" అన్నాడు. అతనేం చేశాడని?

నీ మాట నిలబడింది. నా మీద ప్రేమ ఉంటే కొన్నాళ్ళు నాకు ఉత్తరం రాయకు. వాళ్ళు ముప్ఫైమంది వస్తారు. ఆ కప్పు కారే గదులు మాత్రం అంటగట్టనివ్వకు.

బుల్లి

*

టైలరు షాపు పైగది
మే 10

బుల్లికి,

నీ ఏప్రిల్ ఇరవై తొమ్మిది ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. చదివి అలాగే బేకరీకి వెళ్ళాను. ఆయన పిండి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. నా ప్రమాణం తప్పయిందని, నీ పేరు జాబితాలో ఉందని చెప్పాను. ప్యూను, ఆటో, అన్నీ చెప్పాను.

"లెక్క రాజధానికి వెళ్ళిపోయింది. రూల్సులో ఆ వరస ఎటూ లేదు, ముప్ఫై ఇక ముప్ఫైయే. మాట పోయింది మీది. కమిటీ నుంచి తప్పుకోండి, సరిపోతుంది" అన్నాడు. అక్కడే కాగితం రాసిచ్చాను. వచ్చేస్తుంటే, "కలం చేతికిస్తే నేనైనా పెట్టేవాణ్ణి" అన్నాడు.

ఇంతే బుల్లీ. నా మాట ఒక్కటీ పోతే సరిపోయేదానికి నిన్ను పేరు తీయించుకోమన్నాను. ఎవరికీ నష్టం లేదు. సోమవారం దాటిపోయింది కాబట్టి నీకేం చెప్పినా లాభం లేదు, కానీ నాకు నీ సంగతి తెలుసు, రావాలనిపించిందని నువ్వే రాశావు. ఈ ఒక్కసారికి నా మాట వినకుండా పేరు అలాగే ఉంచుకుని ఉంటావు.

మంచం మీద బట్టలన్నీ తీసేసి కొత్త దుప్పటి పరిచాను. ఎప్పుడు బయల్దేరుతున్నావో రాయి.

వదిన